బటన్ నొక్కుడే గదా!

ఇప్పటి పిల్లలకు చదువు కన్నా ఏం చదవాలో తేల్చుకోవడమే పెద్ద చదువైపోయింది. ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో పంచాయితీ తెగడం లేదు. మనుమరాలు రేడియాలజీ అండ్ ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ చేస్తానంటుంది. వాళ్ల నాయన ఇంకో ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటాడు. వాళ్లమ్మ "ఆ రేడియేషన్ల ఆడపిల్లకు కొలువేంది, రేపు సంబంధాలు రావద్దా?" అంటుంది. మేనమామ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "బటన్ నొక్కుడే గదా, దానికి నాలుగేండ్ల డిగ్రీ ఎందుకు?" అని తీర్పు చెప్పేశాడు. యూట్యూబులో ఎవరో కళ్లద్దాల పిల్లగాడు ఈ కోర్సు తీసుకోవడానికి పది కారణాలు చెప్తే అందరూ నోరు తెరుచుకుని విన్నారు. ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల దవాఖానల్లో ఎక్స్‌రే గదిలోనే నెత్తి నెరిసినవాడు ఒకడు అదే ఇంట్లో, అదే సోఫాలో కూర్చుని ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ యాదికి రాలేదు. అడగలేదు కాబట్టే రాస్తున్నాను.

మా రోజుల్లో ఈ లొల్లి లేదు. ఎంచుకోవడానికి ఏమన్నా ఉంటే కదా! ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకోవడం, కార్డు రెన్యువల్ తేదీ మరిచిపోకుండా ఉండడం, మా కెరీర్ ప్లానింగ్ అంతా అదే. పట్నంలో పెద్ద దవాఖానలో సీఆర్‌ఏ అని ఒక సర్టిఫికెట్ కోర్సు ఉందట, అది చేసినోళ్లకు సర్కారు కొలువు దొరుకుతదట అని ఊరి కంపౌండరు చెప్పాడు. ఆ 'అట' మీద బస్సెక్కాం. ఎక్స్‌రే అంటే ఏందో బస్సు దిగాకే తెలిసింది. డాక్టరు చదువు ఊసే లేదు. వరంగల్‌లో 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ, హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ. మా వైపు పిల్లలకు సర్కారు సీటంటే అవే, అందులో మాకు దక్కేదెంత?

ఇప్పుడు చూడండి. ఆదిలాబాద్‌కు 2008లో రిమ్స్ వైద్య కళాశాల వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం కాలేజీలు. ఆ మరుసటేడే కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. పాత జిల్లాల లెక్కన ఉమ్మడి కరీంనగర్‌కు నాలుగు, ఉమ్మడి ఆదిలాబాద్‌కు నాలుగు సర్కారు వైద్య కళాశాలలు. కరీంనగర్‌లో చల్మెడ, ప్రతిమ లాంటి ప్రైవేటువి అంతకు ముందు నుంచే ఉన్నాయి. పరీక్షలు పెట్టే యూనివర్సిటీ ఒకప్పుడు విజయవాడలో ఉండేది. ఇప్పుడు వరంగల్‌లోనే, కాళోజీ పేరు మీద ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేండ్ల అలైడ్ హెల్త్ డిగ్రీలు సర్కారు కాలేజీల్లో కూడా పెట్టారు. ఇన్ని తలుపులు తెరిచి పెడితే మా ఇంటి జనం గుమ్మంలో నిలబడి ఏ తలుపు రంగు బాగుందని వాదించుకుంటున్నారు.

సరే, ముందు ఆ మేనమామ సంగతి చూద్దాం. బటన్ నొక్కుడేనట!

మా రోజుల్లో ఎక్స్‌రే గదిని ఆనుకుని డార్క్‌రూమ్ ఉండేది. ఎర్ర బల్బు వెలుతురులో క్యాసెట్ తెరిచి, ఫిల్మ్ తీసి హ్యాంగర్‌కు బిగించి, డెవలపర్‌లో ముంచి, కడిగి, హైపోలో వేసి, మళ్లీ పారే నీళ్లలో కడిగి ఆరబెడితే గానీ బొమ్మ చేతికి వచ్చేది కాదు. డెవలపర్‌కు ఇరవై డిగ్రీల వేడి అయితే నప్పుతుంది. ఆ ఇరవై డిగ్రీలు ఫిల్ములు తయారుచేసే హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లకు ఊటీలో దొరికేవేమో గానీ, మే నెలలో మాకెక్కడివి? నలభై అయిదు డిగ్రీలు కొట్టే ఎండల్లో ట్యాంకు చుట్టూ ఐసుగడ్డలు వేసేవాళ్లం, లేకుంటే ఫిల్మ్ మొత్తం మసకపట్టేది. డిసెంబరు వస్తే కథ తిరగబడేది. ఆదిలాబాద్ చలికి డెవలపర్‌లోని హైడ్రోక్వినోన్ పనిచేయడం మానుకునేది. అప్పుడు వేడినీళ్లు పోసి దాన్ని దారికి తెచ్చుకోవాలి. మధ్యలో కరెంటు పోతే ఆ చీకట్లో ఫిల్మ్, నేను, దోమలు.

ఫిల్ములకు ఎప్పుడూ కరువే. పన్నెండు పది సైజు ఫిల్మ్ మీద సీసం రబ్బరుతో సగం కప్పి ముందు నుంచి ఒకటి, ఆ సగం తెరిచి ఈ సగం కప్పి పక్క నుంచి ఒకటి, రెండు బొమ్మలు ఒకే ఫిల్మ్ మీద తీసేవాళ్లం. పాడైన ప్రతి ఫిల్మ్‌కు రిజిస్టర్లో కారణం రాసి సంతకం పెట్టాలి. రోగి కదిలాడా, కిలోవోల్టులు ఎక్కువైనాయా, క్యాసెట్ తిరగేసి పెట్టామా, అంతా రాతపూర్వకం. నెలాఖరుకు సూపరింటెండెంటు ఆ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటే మా మొహాలు మా ఫిల్ముల కన్నా నల్లబడేవి.

ఇప్పుడు డిజిటల్ ప్యానెల్. క్షణాల్లో బొమ్మ తెర మీద. నచ్చకపోతే ఒక నొక్కుతో తీసేయడం, ఇంకోటి కొట్టడం. తీసేసిన బొమ్మ కంప్యూటర్‌లోంచి పోయింది సరే, రోగి ఒంట్లోకి పోయిన కిరణాలు పోతాయా? ఇంకో గమ్మత్తు ఉంది. మా కాలంలో కిరణాలు ఎక్కువ వదిలితే ఫిల్మ్ మాడి నల్లగా వచ్చి, మా తప్పును డాక్టరు ముందు పెట్టేది. డిజిటల్‌లో అట్లా కాదు. ఎక్కువ పడ్డా కంప్యూటర్ సర్దుకుని చక్కని బొమ్మే చూపిస్తుంది. తక్కువ పడితే మాత్రం బొమ్మ గరుకుగా వస్తుంది, డాక్టరు అరుస్తాడు. తక్కువకు తిట్లున్నాయి, ఎక్కువకు లేవు. ఇంక చెయ్యి ఎటు జారుతుంది? ప్రపంచమంతా ఎక్కువ వైపే జారింది. దానికి డోస్ క్రీప్ అని పేరు పెట్టి పెద్ద పెద్దవాళ్లు వ్యాసాలు రాశారు. తెర మూలన ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, ప్రతి బొమ్మకూ దాన్ని చూసి చెయ్యి అదుపులో పెట్టుకోవాలి. ఆ అంకె ఏం చెప్తుందో తెలియనివాడు జీవితమంతా బటన్ నొక్కుతూనే ఉంటాడు, ఎవరికీ అనుమానం కూడా రాదు. నాలుగేండ్ల డిగ్రీ ఎందుకంటే అందుకు!

కుడి, ఎడమ సంగతి కూడా అంతే. సీసంతో చేసిన ఆర్, ఎల్ అక్షరాలను క్యాసెట్ మీద పెట్టి తీసేవాళ్లం. అక్షరం బొమ్మతో పాటే అచ్చయ్యేది, తర్వాత ఎవడూ మార్చలేడు. ఇప్పుడు బొమ్మ తీసినాక తీరిగ్గా కూర్చుని మౌస్‌తో తగిలిస్తున్నారు. గుండె కుడి పక్కన ఉన్న మనిషి ఒక్కడు వస్తే తెలుస్తుంది, ఆ మౌస్ అక్షరాన్ని ఎంత నమ్మొచ్చో!

ఇదంతా యంత్రం గోల. అసలు పని మనుషులతో. ఛాతీ ఎక్స్‌రే మంచిగా రావాలంటే మనిషి ఊపిరి నిండా పీల్చి బిగబట్టాలి. వెనుక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రావాలి, భుజాలు ముందుకు వంచి రెక్క ఎముకలను ఊపిరితిత్తుల మీది నుంచి పక్కకు తప్పించాలి. "దమ్ము బట్టు, ఇడువకు" అంటే కరీంనగర్ రైతుకు తెలుస్తుంది. ఆదిలాబాద్ పట్నంలో "సాస్ రోకో" అనాలి. బేల నుంచి వచ్చినాయనకు మరాఠీ కావాలి. ఉట్నూరు మీది గూడేల నుంచి వచ్చిన గోండు పెద్దమనిషికి నా భాషలేవీ పనికిరాకపోతే ఆయన ఎదుట నిలబడి నేనే ఊపిరి పీల్చి, బుగ్గలు బిగించి చూపించేవాణ్ని. ఆయన నవ్వేవాడు. నవ్వితే బొమ్మ కదిలిపోతుంది. ఆయన నవ్వు ఆగేదాకా కాచుకుని కూర్చోవాలి. ఈ పాఠం ఇప్పటి సిలబస్‌లో ఎక్కడుందో చూపించమనండి.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఛాతీ బొమ్మకు పుస్తెలతాడు అడ్డం వస్తుంది. తియ్యమ్మా అంటే కండ్లల్లో నీళ్లు పెట్టుకునేది, వెంట వచ్చిన అత్త నన్ను కొట్టేటట్టు చూసేది. "తియ్యద్దులే పెద్దమ్మా, మెడ మీదికి జరుపు, చాలు" అని సర్దిచెప్పేవాణ్ని. జాకెట్ హుక్కులు, చీర పిన్నులు, తాయెత్తులు, ఒక్కొక్కటి ఒక్కొక్క బేరం. పొట్ట, నడుము ఎక్స్‌రేకు ముందు వయసులో ఉన్న ఆడమనిషిని నెల తప్పిందా అని అడగాలి. కడుపులో బిడ్డ ఉంటే డాక్టరు మళ్లీ ఆలోచించుకోవాలి కాబట్టి అది తప్పనిసరిగా అడగాల్సిన మాట. మగవాణ్ని, నేను అడిగితే ఆ పిల్ల తల దించుకుని లేదని తల ఊపేది. ఆ ఊపుడు నిజమో సిగ్గో నాకెట్ల తెలియాలె? నర్సమ్మ కోసం వరండా అంతా తిరిగేవాణ్ని. ఇంట్లో కోడలు "ఆడపిల్లకు ఎక్స్‌రే కొలువేంది?" అని అంటుంటే నాకు పుట్టే కోపం అదీ. ఆడరోగులు సగం మంది ఉన్న చోట ఆడ రేడియోగ్రాఫర్ లేకపోతే ఎట్లా?

కోడలి రెండో భయం రేడియేషన్. భయపడడంలో తప్పు లేదు. తెలుసుకోకుండా భయపడడమే నాకు నచ్చదు. జర్మనీలో రాంట్‌గెన్ అనే ఆయన 1895 నవంబరు 8న ఈ కిరణాలను కనిపెట్టి, భార్య చేతి ఎముకలను ఉంగరంతో సహా ఫొటో తీసి, 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ అందుకున్నాడు. పేటెంట్ మాత్రం తీసుకోలేదు, అందరికీ వదిలేశాడు. ఈ కాలపు స్కానింగ్ బిల్లు చూస్తే ఆయన ఏమనేవాడో! మొదట్లో వాటి గుణం తెలియక వేళ్లు కాల్చుకుని, క్యాన్సర్లు తెచ్చుకుని పోయిన డాక్టర్లు, టెక్నీషియన్లు ఎందరో. వాళ్ల కోసం 1936లో హాంబర్గ్‌లో 169 పేర్లు చెక్కి స్మారకం పెట్టారు. ఇప్పటి జాగ్రత్తలన్నీ వాళ్ల పుణ్యమే.

మన దేశంలో 1983 నుంచి అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. రేడియేషన్ పనిచేసేవాళ్లకు అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని దాని లెక్క. గర్భం అని చెప్పిన ఉద్యోగిని కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నీ కలిపి ఒక్క మిల్లీసీవర్ట్ మించకూడదు. నేల నుంచి, ఆకాశం నుంచి ఇంట్లో కూర్చున్న మనిషికే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 పడుతుంది. కిరణం వచ్చే చోటు నుంచి రెండింతల దూరం జరిగితే మీద పడేది నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ వేళకు అడ్డుగోడ వెనక్కి పోయేవాడికి ఇంకేముంది? ఎమ్మారైలో అయితే అసలు ఈ కిరణాలే ఉండవు. అక్కడ గండం అయస్కాంతంతో, జేబులో తాళంచెవి పెట్టుకుని లోపలికి పోయేవాడితో.

ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి మూడు నెలలకోసారి ల్యాబుకు పోతుంది, ఎంత పడిందో లెక్క వస్తుంది. మేం కొలువులో చేరిన కొత్తల్లో నేను పనిచేసిన ఒక దవాఖానలో బ్యాడ్జీలు బీరువాలో తాళం వేసి ఉండేవి, పోతే జవాబు చెప్పాలని. బీరువాకు రేడియేషన్ పడలేదని ప్రతిసారీ రిపోర్టు వచ్చేది, అందరూ సంతోషించేవాళ్లు. ఇప్పటి పిల్లలు బ్యాడ్జి పెట్టుకుంటారు, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ సీసం ఏప్రాన్‌ను చొక్కాలెక్క మడిచి కుర్చీకి వేస్తారు. మడిచినచోట లోపల పగుళ్లు పడతాయి, పైకి కనబడవు. దాన్ని వేలాడదీయాలని ఎన్నిసార్లు చెప్పినా "సరే అంకుల్" అంటారు.

ఇక ఈ గడ్డ మీద ఎక్స్‌రేకు ఉన్న విలువ వేరు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు పిల్లగాళ్లు గల్ఫ్‌కు పోవాలంటే మెడికల్ పాస్ కావాలి. ఛాతీ ఫిల్మ్‌లో పాత టీబీ మచ్చ కనబడితే అన్‌ఫిట్, వీసాకు చేసిన అప్పు నెత్తిన పడ్డట్టే. ఆ మెడికల్‌కు పోయే ముందు నా దగ్గరికి వచ్చి "సారూ, మచ్చ కనబడకుంట తీయరాదా?" అని బతిమాలేవాళ్లు. గోదావరి అటు ఇటు బొగ్గు బాయిల మీద పనిచేసేవాళ్లకు చట్టం ప్రకారం ఎప్పటికప్పుడు మెడికల్ పరీక్ష, అందులో ఛాతీ ఎక్స్‌రే. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులను అంతర్జాతీయ కార్మిక సంస్థ ఫిల్ములతో పోల్చి గ్రేడు చెప్తారు. రిటైర్మెంటు దగ్గరపడినాయన, అన్‌ఫిట్ అయితే కొడుక్కు కొలువు వస్తుందన్న ఆశతో "సారూ, మచ్చ జర మంచిగ కనబడేటట్టు తీయరాదా?" అనేవాడు. ఒకే వారంలో ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పేవాణ్ని: "నీ లోపల ఉన్నదే వస్తది పటేలా, నేను గీసేది కాదు." ఇద్దరూ నన్ను తిట్టుకుంటూనే పోయేవాళ్లు. ఈ కొలువులో మంచి పేరు రావాలని కోరుకునేవాళ్లు వేరే కోర్సు చూసుకోవడం మేలు.

సరే, కొలువులున్నాయా? ఇదీ మా కొడుకు ప్రశ్న. యంత్రాలకు కొదవ లేదు. 2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు కరీంనగర్, ఆదిలాబాద్ సహా చాలా జిల్లాల్లో ఒక్కరోజే తెరిచారు. అదే ఏడాది కరోనా రెండో అలలో సీటీ స్కోర్ ఎంతని ఒకరినొకరు ఇంటర్ మార్కుల్లా అడిగారు. అప్పటి నుంచి ప్రతి పట్నంలో సందుకో స్కానింగ్ సెంటర్. కానీ యంత్రానికి కొబ్బరికాయ కొట్టి రిబ్బన్ కత్తిరించినంత తొందరగా దాన్ని నడిపే మనిషికి పోస్టు రాదు. వస్తే కాంట్రాక్టు, లేదా అవుట్‌సోర్సింగ్. ప్రైవేటులో మొదటి జీతం చెప్పడానికి వాళ్లకే నోరు రాదు. కొన్నిచోట్ల మొన్నటిదాకా టీ తెచ్చిన పిల్లగాడే ఇవ్వాళ బటన్ దగ్గర నిలబడి ఉంటాడు. డిగ్రీ చేసిన పిల్ల ఆ పిల్లగాడి జీతంతో పోటీ పడాలె. మా రోజుల్లో కోర్సు చిన్నది, కొలువు గట్టిది. ఇప్పుడు కోర్సు పొడుగైంది, కొలువు పలచబడింది.

అయినా డిప్లొమా కన్నా డిగ్రీయే చేయమంటాను. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్ వృత్తులకు చట్టం చేసింది. అందులో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ చదువుకు, డిప్లొమా అయినా డిగ్రీ అయినా, కనీసం 2,000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి 3,600 గంటలు అని లెక్క రాశారు, రిజిస్టర్ పెట్టాలన్నారు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేనిదే రేడియోగ్రాఫర్‌గా గదిలోకి అడుగుపెట్టనివ్వరు. మనకు ఆ కట్టుబాటు ఆలస్యంగా వచ్చింది, పూర్తిగా అమలైన నాడు కాగితం బలంగా ఉన్నవాళ్లే నిలబడతారు. గల్ఫ్ దేశాల దవాఖానలు కూడా సర్టిఫికెట్లు తనిఖీ చేయించి, లైసెన్సు పరీక్ష పెట్టి గానీ తీసుకోవు. ఈ జిల్లాల నుంచి తరాల తరబడి పార పట్టుకోవడానికి పోయారు, ఇకనన్నా పని తెలిసిన కొలువుకు పోతే తప్పేమిటి?

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి, చేరినాక ఏడిస్తే లాభం లేదు. ఈ డిగ్రీతో డాక్టరు కారు. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. కడుపు స్కానింగ్ బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్లు చేస్తారు గానీ, మన దగ్గర ఆడపిల్లలను కడుపులోనే చంపుకునే పాడుబుద్ధికి అడ్డం వేసిన 1994 నాటి చట్టం దాన్ని అర్హత ఉన్న డాక్టర్ల చేతిలోనే పెట్టింది. "సారూ, ఏముందట?" అని రోగి అడుగుతాడు. తెర మీద గడ్డ కనబడుతూనే ఉంటుంది. మొహం మారకుండా "డాక్టరు చెప్తడు" అనడం రావాలి. ఎంబీబీఎస్ రాలేదన్న ఉక్రోషంతో ఇందులోకి వచ్చినవాళ్లు ఆ ఒక్క మాట దగ్గరే రోజూ కాలుతుంటారు. అట్లాంటి వాళ్లతో నేను పనిచేశాను, వద్దు.

కంప్యూటరే బొమ్మ చూసి జబ్బు చెప్తుందట కదా తాతా అని మనుమరాలే అడిగింది. చెప్తుంది. పదిహేనేండ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానాన్ని సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. డాక్టరు లేని ఏజెన్సీ గూడేలకు అది వరమే. కానీ తుంటి విరిగిన ముసలమ్మకు పక్క నుంచి బొమ్మ కావాలంటే, విరిగిన కాలును కదపకుండా మంచి కాలును పైకెత్తి, ఎత్తిన కాలు కింది నుంచి కిరణం పంపాలి. ఆమె అరుపుకు మన చెయ్యి వణకొద్దు. అది చేసే సాఫ్ట్‌వేర్ వచ్చిననాడు చెప్పండి, అప్పుడు ఈ కోర్సు మూసేద్దాం.

కాబట్టి నా తీర్పు ఇదీ. ముందు ఏదన్నా సోమవారం పొద్దున సర్కారు దవాఖానకు పోయి ఎక్స్‌రే గది బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. వాసనకు, ఏడుపుకు, లైను కోసం కొట్లాటకు విసుగు పుట్టిందా, ఇంటికి వచ్చి బీకాంకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. విసుగు పుట్టకపోతే కాలేజీలకు పోయి మూడు సంగతులు అడగాలి. మీ దవాఖానకు రోజూ రోగులు వస్తారా, లేక తనిఖీ రోజే వస్తారా? సీటీ, ఎమ్మారై మీ సొంతమేనా, విద్యార్థులను దగ్గరికి రానిస్తారా? గదిలో అడుగుపెట్టిన నాడే బ్యాడ్జి చేతికిస్తారా? అద్దాల బిల్డింగు, ఏసీ క్లాసురూము, క్యాంటీను గురించి వాళ్లు అడగకుండానే చెప్తారు, అవి వినాల్సిన పని లేదు. మూడింటికీ సూటిగా జవాబు చెప్పే కాలేజీ దొరికితే నా పెన్షన్‌లోంచి మొదటి ఏడాది ఫీజు నేనే కడతా. దొరక్కపోతే ఆ తప్పు నా మనుమరాలిది కాదు.